పలక కన్నా ముందు చేతులు

డుంబ్రిగుడ మండలంలో ఒక కొండ పల్లె. మూడేళ్ళు నిండిన ఆడపిల్ల అక్క చెయ్యి పట్టుకుని మొదటిసారి అంగన్వాడీకి వచ్చిందనుకుందాం. దాహం వేసింది. ఇంట్లో కొండ భాష మాట్లాడే పిల్లయితే ‘ఏరు’ కావాలంటుంది. కువి మాట్లాడే పిల్లయితే ‘ఏయు’ అంటుంది. ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లయితే ‘పాణి’ అంటుంది. గోడ మీద చార్టులో మాత్రం ఒక కుళాయి బొమ్మ, దాని కింద ‘నీరు’ అనే అక్షరాలు వుంటాయి. ఆ పల్లెలో కుళాయి వుందో లేదో బొమ్మ వేసినవారికి తెలియదు. పిల్లకు తెలిసిన నీళ్ళు గెడ్డలో వున్నాయి, కొండ మీంచి దిగే ఊటలో వున్నాయి, అమ్మ నెత్తి మీది బిందెలో వున్నాయి. ఆ నీళ్ళూ గోడ మీది ‘నీరూ’ ఒకటేనని ఆ పిల్లకు చెప్పేదెవరు? ఏ భాషలో చెప్పాలి?

స్త్రీల హక్కుల పత్రిక చిన్నపిల్లల ఆటపాటల గురించి సంపాదకీయం రాయటమేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. భూమి గురించి, కూలి గురించి, హింస గురించి రాయవలసింది ఇంకా ఎంతో మిగిలే వుంది, నిజమే. కాని అంగన్వాడీ గడప దగ్గర నిలబడి చూస్తే అక్కడ ముగ్గురు ఆడవాళ్ళు కనిపిస్తారు. లోపల కూర్చున్న పిల్ల. ఆ పిల్లను వదిలి కాఫీ తోటకో, రాజ్మా చేనుకో పోయిన తల్లి. ఉద్యోగి అనే పేరైనా లేకుండా గౌరవ వేతనానికి పనిచేస్తున్న టీచరమ్మ. నాలుగో మనిషి కూడా వుంది. తమ్ముణ్ణి చంకనేసుకుని బడి మానేసిన అక్క. ఆమెను మనం కూడా తరచు మరిచిపోతాం. ఈ నలుగురి హక్కులూ ఆ ఒక్క గదిలో ముడిపడి వున్నాయి. ఒకరి హక్కును ఇంకొకరి వీపు మీద మోయించకుండా అందరికీ దక్కించటం ఎట్లా అన్నదే ఈ సంచికలో మనం మాట్లాడుకోవలసిన విషయం.

ముందు చేతులతో నేర్చుకోవటం అంటే ఏమిటో చూద్దాం. మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు చెప్పింది విని నేర్చుకునేది తక్కువ. పట్టుకుని, పిసికి, కలిపి, విడదీసి, పడగొట్టి, మళ్ళీ నిలబెట్టి నేర్చుకునేది ఎక్కువ. బంకమట్టి పిసికిన వేళ్ళకే తర్వాత బలపం పట్టుకునే బలం వస్తుంది. రాజ్మా గింజల్లో ఎర్రవి ఒక కుప్ప, మచ్చలవి ఒక కుప్ప పోసిన పిల్ల వర్గీకరణ అనే మాట తెలియకుండానే వర్గీకరణ నేర్చుకుంటోంది. ఐదు చింతపిక్కలు దగ్గరగా పెట్టినా దూరంగా పెట్టినా ఐదేనని తడిమి తెలుసుకున్నాకే ‘5’ అనే గీతకు అర్థం వస్తుంది. అది తెలియకుండా నూరు దాకా గడగడా అప్పజెప్పే పిల్లకు వచ్చింది లెక్క కాదు, పాట. ఒకే అంశం చుట్టూ వారం పది రోజులపాటు కథ, పాట, ఆట, బొమ్మ, నడక అన్నీ అల్లటం కూడా ఇందుకే. నీళ్ళ గురించి పాడి, డొప్పతో నీళ్ళు కొలిచి, ఏ ఆకు తేలుతుందో ఏ రాయి మునుగుతుందో చూసి, టీచరమ్మతో కలిసి గెడ్డ దాకా నడిచి వచ్చిన పిల్లకు ‘నీరు’ అనే మాట ఒక అనుభవంగా నిలిచిపోతుంది.

ఈ పద్ధతి పట్నం కాన్వెంట్లదనీ, ఖరీదైన చెక్కబొమ్మలు లేకపోతే సాగదనీ మనలోనే ఒక అపోహ వుంది. చరిత్ర చూస్తే వేరుగా వుంటుంది. భావనగర్‌లో గిజుభాయి బధేకాతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ అనే పల్లెకు వెళ్ళి పేద పిల్లల కోసం బాలవాడి మొదలుపెట్టారు. ఆమెతోపాటు నడిచిన మనిషి అనుతాయి వాఘ్. పదమూడేళ్ళకే పెళ్ళి, కొద్ది నెలలకే వైధవ్యం. మన సంఘం మూలన కూర్చోబెట్టే బతుకు అది. ఆమె కూర్చోలేదు, చదువుకుంది, పల్లెకు వెళ్ళింది. పిల్లలు బాలవాడికి రాలేకపోతే బాలవాడే వాళ్ళ వాకిట్లోకి వెళ్ళాలని ఆ ఇద్దరూ తేల్చుకున్నారు. వాకిలి అంటే ‘ఆంగన్’. ఇవాళ మనం వాడే అంగన్వాడీ అనే మాటకు వేరు అక్కడే వుంది. 1957 నాటికి వాళ్ళు కోస్‌బాడ్ కొండ మీదికి, వార్లీ ఆదివాసుల మధ్యకు మారారు. విదేశీ పరికరాల స్థానంలో గవ్వలు, గులకరాళ్ళు, ఆకులు, గింజలు పెట్టారు. పశువులు కాసే పిల్లల కోసం పచ్చిక బయలులోనే బడి నడిపారు. అంటే చేతులతో నేర్చుకునే చదువు ఈ దేశంలో ఒక ఆదివాసీ కొండ మీద, ఇద్దరు స్త్రీల చేతుల్లో సొంత రూపు దిద్దుకుంది. డుంబ్రిగుడ కొండకు ఇది పరాయి విద్య ఎట్లా అవుతుంది?

1953లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు బాలవాడీలను గ్రామాలకు తీసుకువెళ్ళే ప్రయత్నం చేసింది. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, మనం ఐసిడిఎస్ అని పిలిచే పథకం మొదలయింది. అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపటం, తల్లులకు ఆరోగ్య విద్య, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య — ఈ ఆరూ ఆ పథకం ఇచ్చిన హామీలు. మొదటి ఐదింటికీ రిజిస్టర్లున్నాయి, తనిఖీలున్నాయి. ఆరోదానికి మాత్రం ‘పిల్లలు ఆడుకున్నారు’ అని ఒక వాక్యం రాస్తే సరిపోయే కాలం చాలా సాగింది. కోడిగుడ్డు ఇవ్వకపోతే అడగటం మనకు తెలుసు, అడిగి సాధించుకున్నాం కూడా. ఆట లేకపోతే, కథ లేకపోతే ఎవరిని ఏమని అడగాలో మనకే తెలియలేదు. గుడ్డు కనిపిస్తుంది, ఆట కనిపించదు.

చట్టం కూడా ఈ వయసు పిల్లల్ని గడప బయటే నిలబెట్టింది. రాజ్యాంగంలోని పాత 45వ అధికరణ 14 ఏళ్ళు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించే ప్రయత్నం చెయ్యాలని చెప్పింది. అందులో ఆరేళ్ళ లోపు పిల్లలు కూడా వున్నారు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో — అది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద నడిచిన కేసే — సుప్రీంకోర్టు 14 ఏళ్ళ వరకు విద్యను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ వచ్చేసరికి ప్రాథమిక హక్కు 6 నుంచి 14 ఏళ్ళ వారికే మిగిలింది. ఆరేళ్ళ లోపు వారిని ‘ప్రయత్నించాలి’ అనే ఆదేశిక సూత్రంలోకి నెట్టేశారు. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ మూడేళ్ళు దాటిన పిల్లలకు ప్రభుత్వం ఏర్పాట్లు ‘చెయ్యవచ్చు’ అంది, ‘చెయ్యాలి’ అనలేదు. ఒక్క క్రియలో ఎన్ని కోట్ల బాల్యాలు జారిపోతాయో చట్టాలు చదివే మనకు తెలియనిది కాదు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును పునాది దశ అంది, 2030 నాటికి అందరికీ అందిస్తామంది. విధానం వాగ్దానం మాత్రమే. హక్కు అయితే కోర్టుకు వెళ్ళి అడగవచ్చు. ఈ తేడాను మనం మరిచిపోకూడదు.

అయినా గత కొన్నేళ్ళలో కాగితం మీద మార్పు వచ్చిన మాట నిజం. 2022 అక్టోబర్‌లో పునాది దశకు జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. 2023లో ‘జాదూయీ పిటారా’ పేరుతో ఆటవస్తువుల పెట్టె వచ్చింది, అదే ఏడు అంగన్వాడీల కోసం ‘పోషణ్ భీ పఢాయీ భీ’ మొదలయింది. 2024లో మూడు నుంచి ఆరేళ్ళ వారికి ‘ఆధార్‌శిల’ అనే పాఠ్యప్రణాళిక విడుదలయింది. వీటన్నిటిలో ఆట వుంది, కథ వుంది, చేతిపని వుంది, స్థానిక వస్తువులు వాడమన్న మాట వుంది. నలభై ఏళ్ళుగా బాలల విద్య గురించి పనిచేసినవాళ్ళు అడిగిన మాటలే అవి. కాదనవలసిన పని లేదు. అడగవలసింది మాత్రం వుంది. ‘స్థానికం’ అనే మాట ఢిల్లీలో రాసి, అమరావతిలో అనువదించి, పాడేరు మీదుగా కొండ ఎక్కేసరికి అందులో స్థానికం ఎంత మిగులుతుంది?

అంగన్వాడీ గోడల మీద సాధారణంగా కనిపించే అంశాలే తీసుకుందాం. ‘పండ్లు’ అనగానే మొదట వచ్చేది యాపిల్. కొండ పిల్ల కోసుకు తినే సీతాఫలం, పనస, నేరేడు చివరి వరుసలో వుంటాయి, ఒక్కోసారి అసలు వుండవు. ‘ప్రయాణం’ అనగానే విమానం, ఓడ, కారు. అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే రైలు ఈ ప్రాంతం పిల్లలకు పరిచయమే, సంతకు వెళ్ళే ఆటో, జీపు తెలుసు. రోడ్డు లేని పల్లె పిల్లకు ఇంకొకటి కూడా తెలుసు. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని రెండు భుజాల మధ్య మోసుకుపోయే డోలీ. ఆ బొమ్మ ఏ చార్టులోనూ వుండదు. పిల్లలకు డోలీ బొమ్మ చూపించాలా అని కొందరు బాధపడవచ్చు. పిల్లలు దాన్ని చూస్తూనే వున్నారు. చూసినదాన్ని గురించి మాట్లాడే అవకాశమే లేదు వాళ్ళకు.

అన్నిటికన్నా మనం గట్టిగా పట్టించుకోవలసిన చార్టు ‘నా కుటుంబం’. అందులో నాన్న కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటాడు, అమ్మ చీర కట్టుకుని పొయ్యి దగ్గర వుంటుంది, ఒక అన్న, ఒక చెల్లి. కొండ మీద అమ్మ విత్తనం వేస్తుంది, కలుపు తీస్తుంది, కాఫీ పండు కోస్తుంది, మిరియం ఎండబెడుతుంది, అడ్డాకులు కుడుతుంది, కొండచీపుర్లు కట్టి సంతకు మోస్తుంది. ఇంటి ఆదాయం ఆమె చేతుల మీదుగా నడుస్తున్నా, ‘అమ్మ ఏం పని చేస్తుంది?’ అనే ప్రశ్నకు బడి నేర్పే జవాబు ‘వంట చేస్తుంది’. మూడేళ్ళప్పుడే తల్లి శ్రమ కంటికి కనపడకుండా పోవటం అక్కడ మొదలవుతుంది. చార్టుల్లో కులం లేదు, పేదరికం లేదు, కాని పితృస్వామ్యం మాత్రం రంగుల్లో వుంది. ఆటబొమ్మల మూలలో కూడా అంతే. పొయ్యి, గిన్నెలు ఆడపిల్లలవి, బండి, విల్లు మగపిల్లలవి అని ఎవరో చెప్పనక్కరలేదు, ఇచ్చే చెయ్యి చెబుతుంది. అంగన్వాడీలో మగపిల్లాడు బొమ్మను నిద్రపుచ్చితే నవ్వకుండా వుండగలిగిన టీచరమ్మ మన ఉపన్యాసాలన్నిటికన్నా పెద్ద పని చేస్తున్నట్టు.

మరి కొండ పిల్లల కోసం అంశాల పట్టిక ఎట్లా వుండాలి? దాన్ని మనం రాసి ఇవ్వటం కన్నా కొండ ఏడాది చూసి ఆ పల్లె ఆడవాళ్ళతో కలిసి తయారు చేసుకోవటం మేలు. చైత్రంలో ఇటుకల పండగ, మామిడి. వానలు పడగానే విత్తనాలు, మొలకలు, గెడ్డ పొంగటం. తర్వాత సామ, కొర్ర, చోడి కొత్తలు. చలి మొదలయ్యే వేళకు కొండలన్నీ పసుపుపచ్చగా పూసే వలిసె చేలు. ఆ వెనకే కాఫీ పండు ఎర్రబడటం. ఇవన్నీ పిల్లల కళ్ళ ముందు జరిగేవి, ముట్టుకోగలిగేవి. విత్తనం అనే అంశానికి చార్టు అక్కరలేదు. చోడి గింజ, వలిసె గింజ, రాజ్మా గింజ వాకిట్లో మొలకెత్తించి రోజూ చూస్తే చాలు. ‘ఆకు’ అనే అంశం నేర్పటానికి అడ్డాకు విస్తరి కుట్టే అవ్వ కన్నా మంచి టీచరు ఎవరు? ఈనె ఎట్లా గుచ్చాలో ఆమె చూపిస్తుంది, పిల్లల వేళ్ళు అనుసరిస్తాయి. థింసా ఆడేటప్పుడు గుండ్రంగా నిలబడటం, కుడి ఎడమ, ముందుకు రెండు వెనక్కు రెండు — దేహానికి ఇంతకన్నా మంచి లెక్కల పాఠం వుండదు. పర్యాటకుల ముందు ఆడితే సంస్కృతి అయ్యే థింసా, పిల్లల గదిలో ఆడితే కాలయాపన ఎట్లా అవుతుంది?

సంత అనే అంశం ఇంకా ముఖ్యం. రెండు డొప్పలు, ఒక పుల్ల, కాస్త నార వుంటే త్రాసు తయారవుతుంది. ఏది బరువు, ఏది తేలిక, ఎన్ని మానికలైతే కుంచం అవుతుంది అని పిల్లలు ఆడుతూ తెలుసుకుంటారు. కొండ మీద కొలత ఎప్పుడూ అమాయకమైన విషయం కాదు. చింతపండు, పసుపు, పిప్పళ్ళు తెచ్చిన ఆడవాళ్ళను తూకంలో, కొలతలో మోసం చేసిన వ్యాపారుల నుంచి ఆదివాసులను కాపాడాలనే 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టవలసి వచ్చింది. త్రాసు ఎటు మొగ్గిందో నాలుగేళ్ళకే చూడటం నేర్చుకున్న పిల్ల పెద్దయ్యాక సంతలో నిలబడి ‘ఇంకోసారి తూచు’ అనగలదు. చేతులతో నేర్చుకునే చదువుకూ హక్కులకూ సంబంధం ఏమిటని అడిగేవారికి మా జవాబు ఇదే.

ఇక్కడొక చిన్న జాగ్రత్త కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మంచి మాటలు చెప్పి ప్రమాదం మరిచిపోకూడదు. చిన్న గింజలు ముక్కులో, చెవిలో పెట్టుకునే వయసు ఇది. మూడేళ్ళ లోపు పిల్లలు కూడా అదే గదిలో వుంటారు కనుక గింజల ఆట పెద్దపిల్లలతో, మనిషి దగ్గర కూర్చున్నప్పుడే ఆడించాలి. గురివింద, ఆముదం గింజలు విషం, అందంగా వున్నాయని ఇవ్వకూడదు. ఒక్క మనిషి వంట చూసుకుంటూ, బరువులు తూస్తూ, ఫోనులో వివరాలు నింపుతూ ఇరవైమంది పిల్లలతో గింజల ఆట ఆడించలేదు. కనుక ఆట గురించి మాట్లాడటమంటే ఆ గదిలో ఎంతమంది పెద్దవాళ్ళున్నారని మాట్లాడటం కూడా. ఆయా లేని మినీ అంగన్వాడీలు ఎక్కువగా వుండేది చిన్నచిన్న పల్లెలున్న ఇటువంటి కొండల్లోనే.

భాష సంగతికి వద్దాం. భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాష మీద రాసిన పుస్తకం 1969లో వచ్చింది. ఈ భాషలకు వ్యాకరణం లేదు, క్రమం లేదు అనే మాటకు అప్పుడే కాలం చెల్లింది. ‘ఏరు’ అంటే నీళ్ళని కొండ భాష చెబుతుంటే, అదే మాటను మనం పారే నీటికి వాడుకుంటున్నాం. ఇంత దగ్గర చుట్టరికం వున్న భాషను మన బడి ‘రాని భాష’గా చూసింది. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణ భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఏర్పాటు చెయ్యమంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, కొలామి, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలయింది. పుస్తకాలు వచ్చాయి, పాటలు, కథలు ఊళ్ళలోంచే సేకరించారు. అది గర్వపడవలసిన పని. కాని ఆ పని ఒకటో తరగతితో మొదలవుతుంది. అంతకు ముందు మూడేళ్ళు, పిల్ల నోరు విప్పే వయసంతా, తెలుగు అంగన్వాడీలోనే గడిచిపోతుంది. ఇల్లు కట్టి పునాది మరిచిపోయినట్టు వుంది ఈ ఏర్పాటు.

పిల్ల ముందు ఎవరు నిలబడతారన్నది కూడా భాష ప్రశ్నే. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక ఆదివాసులకే, అందులో మూడో వంతు స్త్రీలకు అని చెప్పింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ తీర్పు తర్వాత కొండ బడిలో కొండ భాష తెలిసిన మనిషి వుంటుందన్న హామీ లేకుండా పోయింది. స్థానిక మహిళనే తీసుకోవాలన్న నియమం ఇంకా నిలిచివున్నది అంగన్వాడీలోనే. ఆ పిల్ల భాష తెలిసిన ఆఖరి ప్రభుత్వ మనిషి ఆ టీచరమ్మో, ఆ ఆయానో అయివుండే అవకాశం ఎక్కువ. విచిత్రమేమిటంటే, ఆ భాష తెలియటాన్ని అర్హతగా ఎవరూ లెక్కించలేదు. పై అధికారి వచ్చినప్పుడు ఆమె సొంత భాషలో పిల్లలతో మాట్లాడటానికి జంకుతుంది. తెలుగు రైమ్ పాడించి మెప్పు పొందుతుంది. ఆ జంకు పోగొట్టటం మన పని.

తల్లిదండ్రులు ఏమంటున్నారన్నది వినకుండా ఈ చర్చ పూర్తి కాదు. ‘ఆటలు ఇంట్లో కూడా ఆడతారు, బడికి పంపేది అక్షరాలకు’ అంటారు వాళ్ళు. ‘మా భాష మాకు వచ్చు, మా పిల్లకు ఇంగ్లీషు కావాలి’ అంటారు. ఈ మాటను అజ్ఞానం అని కొట్టిపారేసే హక్కు మన పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపే మనకు లేదు. ఆఫీసులో, ఆసుపత్రిలో, పోలీస్ స్టేషన్‌లో భాష రాక వాళ్ళు పడిన అవమానంలోంచి వచ్చిన మాట అది. తెలుగు, ఇంగ్లీషు అధికారపు భాషలని వాళ్ళకు మనకన్నా బాగా తెలుసు. మనం చెప్పవలసింది ఒక్కటే. సొంత భాషలో గట్టిపడ్డ పిల్లే రెండో భాషను త్వరగా అందుకుంటుంది. వేళ్ళు సిద్ధపడకముందు పలక పట్టించి కొట్టి దిద్దించిన పిల్ల బడి అంటే భయం నేర్చుకుంటుంది, ఐదో తరగతి దాటకముందే ఇంటికి వస్తుంది. ఆటకూ అక్షరానికీ పోటీ లేదని తల్లులకు కళ్ళారా చూపించాలి. నెలకో రోజు తల్లుల్ని, అవ్వల్ని గదిలోకి పిలిచి పిల్లలు ఏం చేస్తున్నారో చూపిస్తే, ఉపన్యాసం అవసరం లేదు. మరో మాట కూడా దాచకూడదు. మాతృభాష పేరుతో ఆదివాసీ పిల్లలకు తక్కువ రకం చదువు ఇచ్చి, మైదాన పిల్లలకు మంచి చదువు ఇచ్చే ఏర్పాటు అయితే మనం దాన్నీ ఎదిరించాలి.

ఇవన్నీ చెయ్యవలసింది ఎవరు? మళ్ళీ ఆ టీచరమ్మే. రాష్ట్రంలోని 55 వేలకు పైగా అంగన్వాడీ కేంద్రాల్లో పనిచేస్తున్న స్త్రీలు 2023 డిసెంబర్ 12న సమ్మెలోకి దిగినప్పుడు కార్యకర్తకు అందుతున్నది నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. కేంద్రం తన లెక్కలో కార్యకర్తకు 2018లో నిర్ణయించిన మొత్తం 4,500. ఆ సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో 2024 జనవరి 6న ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ఎస్మాను ప్రయోగించింది. జీతం అడిగినప్పుడు ‘మీరు స్వచ్ఛంద కార్యకర్తలు’ అనీ, పని ఆపినప్పుడు ‘మీది అత్యవసర సేవ’ అనీ రెండు నాలుకలతో మాట్లాడటం అక్కడ బయటపడింది. సుప్రీంకోర్టు 2006లో అమీర్‌బీ కేసులో వీరివి ప్రభుత్వ ఉద్యోగాలు కావంది. అదే కోర్టు 2022 ఏప్రిల్‌లో గుజరాత్ నుంచి వచ్చిన మణిబెన్ కేసులో వీరికి గ్రాట్యుటీ హక్కు వుందని చెప్పింది, చిన్నపిల్లల విద్య కూడా వీరు చేస్తున్న పనేనని గుర్తించింది. ఆ పదహారేళ్ళూ వాళ్ళు పిల్లల ముందు కూర్చునే వున్నారు.

2021లో పోషణ్ ట్రాకర్ వచ్చింది, ఆ తర్వాత రేషన్ ఇవ్వటానికి ముఖం గుర్తింపు వచ్చింది. సిగ్నల్ కోసం కొండ ఎక్కే టీచరమ్మ ఆ గంటసేపు ఎవరికి కథ చెప్పగలదు? ఇప్పుడు దీని మీద కొత్త పాఠ్యప్రణాళిక, కొత్త చేతిపనులు, వారంవారం ఫోటోలు. స్థానిక వస్తువులతో చెయ్యండి అనటం వినటానికి బాగుంటుంది. ‘ఖర్చు పెట్టం, మీరే ఏరుకోండి’ అని దాని అర్థం కాకూడదు. గింజలు అడవి ఇస్తుంది, ఏరటానికి పట్టే సమయం మాత్రం ఒక స్త్రీ ఇస్తోంది. ఆ సమయానికి కూలి కట్టని ఏ బోధనా పద్ధతినీ మనం ప్రగతిశీలం అని పిలవకూడదు.

ఇక తల్లీ, అక్కా. కాఫీ పండు కోసే రోజుల్లో తల్లి పొద్దున్నే పోయి సాయంత్రం వస్తుంది. అంగన్వాడీ వేళలు ఆమె పని వేళలతో కలవకపోతే మధ్యలో మిగిలిన గంటల్ని అక్క పూడుస్తుంది. 2005 ఉపాధి హామీ చట్టం ఐదుగురు చిన్నపిల్లలు పని చోటికి వస్తే వారిని చూసుకోవటానికి ఒక స్త్రీని పెట్టాలని చెప్పింది. అది ఎన్నిచోట్ల అమలయిందో పనికి వెళ్ళిన తల్లుల్ని అడిగితే తెలుస్తుంది. మూడేళ్ళ లోపు పిల్లలకు చోటు లేకుండా, మూడేళ్ళు దాటినవారికి ఆట చదువు గురించి ఎంత చెప్పినా ఆ అక్క బడికి వెళ్ళదు. చిన్నదాని ఆట పెద్దదాని చదువు మీద నిలబడకూడదు.

ఇట్లా అందరి మేలూ కలిపి సాధించినవాళ్ళు ప్రపంచంలో వున్నారు. 1982లో న్యూజిలాండ్‌లో మావోరీలు తమ భాష చచ్చిపోతోందని గ్రహించి ‘కోహంగా రియో’ మొదలుపెట్టారు. ఆ మాటకు భాషా గూడు అని అర్థం. చదువుకున్న టీచర్ల కోసం ఆగలేదు. భాష వచ్చిన అవ్వలు, తాతలు పిల్లల మధ్య కూర్చున్నారు. కొద్ది ఏళ్ళలోనే అవి వందలుగా పెరిగాయి. అంత దూరం ఎందుకు, మన కొండ దాటితే కోరాపుట్. ఒడిశా తన అంగన్వాడీల కోసం ‘నువా అరుణిమ’ పేరుతో ఆదివాసీ భాషల్లో పూర్వ ప్రాథమిక పాఠాలు తయారు చేసుకుంది. గట్టుకు అటువైపు కుదిరింది ఇటువైపు ఎందుకు కుదరదు?

ఈ పత్రిక చదివే మిత్రుల్లో చాలామంది పల్లెల్లో, తండాల్లో, గూడేల్లో పనిచేస్తున్నవాళ్ళే. కనుక నాలుగు పనులు మన చేతిలో వున్నాయని గుర్తు చేస్తున్నాం. అంగన్వాడీకి వెళ్ళినప్పుడు గుడ్డు, పాలు అడిగినట్టే ‘ఇవాళ పిల్లలు ఏం చేశారు, ఏ భాషలో మాట్లాడారు?’ అని కూడా అడుగుదాం. గోడ మీది ‘నా కుటుంబం’ చార్టును పల్లె స్త్రీలతో కలిసి మళ్ళీ గీద్దాం, ఎర్రమట్టితోనైనా సరే. వచ్చే గ్రామసభల్లో కేంద్రం వేళలు, ఆయా పోస్టు, శిశు సంరక్షణ కేంద్రం ఎజెండాలోకి ఎక్కిద్దాం. టీచరమ్మల సంఘం తన కోర్కెల పత్రంలో జీతంతోపాటు ‘ఆటకు సమయం’ అనే కోర్కెను చేర్చేటట్టు వాళ్ళతో కూర్చుని మాట్లాడదాం. ఆరేళ్ళ లోపు పిల్లల విద్యను ప్రాథమిక హక్కుల్లో చేర్చాలన్న పాత డిమాండ్‌ను మళ్ళీ బయటికి తీద్దాం. 2002లో జారిపోయింది ఎల్లకాలానికీ జారిపోయినట్టు కాదు.

మళ్ళీ ఆ మూడేళ్ళ పిల్ల దగ్గరికి వద్దాం. ఆమె ‘ఏరు’ అంది. టీచరమ్మ చార్టు వైపు వేలు చూపకుండా లేచి, కుండలోంచి డొప్పతో నీళ్ళు ముంచి ఆమె రెండు చేతుల్లో పెట్టింది. ‘ఏరు’ అని తనూ అంది. తర్వాత ‘నీళ్ళు’ అంది. పిల్ల తాగింది, మిగిలినవి నేల మీద ఒంపి పారటం చూసింది. చదువు మొదలయింది. ఆ క్షణం దక్కటానికి ఆ గదిలో పిల్ల భాష తెలిసిన మనిషి వుండాలి. ఆమెకు కడుపు నిండే జీతం వుండాలి. పక్కన వంటకు ఇంకో మనిషి వుండాలి. పిల్ల తల్లి నిశ్చింతగా చేనులో వుండాలి, పిల్ల అక్క తన తరగతిలో వుండాలి. ఇందులో ఏ ఒక్కటీ దయతో రాదు. అన్నీ అడిగి తెచ్చుకోవలసినవే.